సొంత కంప్యూటరుకు సాఫ్ట్‌వేరు ఎంపిక – ఏబదేండ్ల చరిత్ర

ఒక ఉన్నత పాఠశాలకు కొత్త కంప్యూటరు వచ్చినదనుకొనుడు. పెట్టె విప్పి, బల్లపై అమర్చి, మీట నొక్కగనే తెర వెలుగును. అయినను అంతమాత్రమున ఏ పనియు జరుగదు. ప్రశ్నపత్రము తయారు చేయుటకు ఒక ప్రోగ్రాము కావలెను. మార్కుల పట్టిక కూర్చుటకు మరియొకటి కావలెను. పాఠమునకు తగిన చలనచిత్రము చూపుటకు వేరొకటి, తెలుగు అక్షరములు వ్రాయుటకు ఇంకొక ఏర్పాటు అవసరమగును. ఇట్టి ప్రోగ్రాములన్నిటికిని కలిపి సాఫ్ట్‌వేరు అని పేరు. యంత్రము కంటికి కనబడును, చేతికి తగులును. సాఫ్ట్‌వేరు అట్టిది కాదు. యంత్రము ఏ పనిని ఏ క్రమమున చేయవలెనో తెలుపు ఆదేశముల వరుసయే సాఫ్ట్‌వేరు.

నేడు లభించు ప్రోగ్రాములు వేలకొలది. వానిలో ఏవి అత్యవసరములు, ఏవి కావు? ఈ ప్రశ్న కొత్తది కాదు. సామాన్యుడు కొనదగిన కంప్యూటరు వెలువడిన 1975 నుండియు ప్రతి తరము వారును దీనిని ఎదుర్కొనిరి. వారు దేనిని ఎన్నుకొనిరి, ఎందులకు ఎన్నుకొనిరి, దానివలన కలిగిన లాభనష్టములేవి అని పరిశీలించినచో నేటి ఎంపికకు దారి కనబడును.

యంత్రముతో పాటు ప్రోగ్రాములు

1950, 1960 దశకములలో కంప్యూటరు అనగా ఒక పెద్ద గదిని నింపు యంత్రము. దానిని వ్యక్తులు కొనుట లేదు. ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయములు, పెద్ద కంపెనీలు మాత్రమే కొనుచుండెను, లేదా అద్దెకు తీసికొనుచుండెను. ఐ.బి.ఎం. వంటి తయారీదారులు ప్రోగ్రాములకు వేరుగా ధర కట్టెడివారు కారు. ప్రోగ్రాములు, శిక్షణ, మరమ్మతు సహాయము అన్నియు యంత్రము ధరలోనే చేరియుండెడివి. బియ్యము కొన్నవానికి సంచి వచ్చినట్లు యంత్రముతో సాఫ్ట్‌వేరు వచ్చెడిది.

1969 జూన్‌లో ఐ.బి.ఎం. ఈ పద్ధతిని మార్చి, కొన్ని ప్రోగ్రాములకును సేవలకును వేరుగా ధర నిర్ణయింతునని ప్రకటించెను. అంతకుముందే ప్రోగ్రాములు వ్రాసి అమ్ము చిన్న కంపెనీలు కొన్ని ఉండెను. అయినను ఉచితముగా వచ్చు వస్తువుతో పోటీ పడుట వాటికి కష్టముగా నుండెను. ఈ ప్రకటన తరువాత సాఫ్ట్‌వేరు ప్రత్యేకమైన సరకుగా స్థిరపడినది. అంతవరకు ‘ఏ యంత్రము?’ అను ఒక్క ప్రశ్నయే ఉండగా, ‘ఏ ప్రోగ్రాము?’ అను రెండవ ప్రశ్న కొనువాని ముందు నిలిచినది.

మొదటి అవసరము – ఒక భాష

1975 జనవరిలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అను అమెరికా పత్రిక ముఖపత్రముపై ఆల్టెయిర్ 8800 అను చిన్న కంప్యూటరు బొమ్మ ప్రచురింపబడినది. న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకర్కీ నగరమున ఎం.ఐ.టి.ఎస్. అను కంపెనీ దానిని తయారు చేసెను. విడి భాగములుగా కొని ఇంటిలో కూర్చుకొనువారికి దాని ధర సుమారు 400 డాలర్లు. దానికి తెర లేదు, అక్షరముల మీటలు లేవు. ముందుభాగమున వరుసగా చిన్న మీటలు, చిన్న దీపములు మాత్రము ఉండెను. మీట పైకి ఉన్న ఒకటి, క్రిందికి ఉన్న సున్న. ఇట్లు ఒక్కొక్క ఆదేశమును మీటలతో అమర్చి లోనికి పంపవలెను. విద్యుత్తు ఆపగనే అంతయు చెరిగిపోవును.

దాని మెమరీ, అనగా జ్ఞాపకస్థానము, మొదట 256 బైట్లు మాత్రమే. నేటి పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. ఆ లెక్కన అందులో పట్టునవి 85 సంకేతములు. నాలుగు పాదముల పద్యమొకటి కూడ అందులో ఇమడదు.

ఇట్టి యంత్రము కొన్నవారికి మొట్టమొదట కావలసినది దానితో మాటలాడుటకు ఒక భాష. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యులు బేసిక్ అను సులభమైన భాషను రూపొందించియుండిరి. సైన్సు చదువని విద్యార్థులును కంప్యూటరును ఉపయోగింపగలుగవలెనని వారి ఉద్దేశము. ఆ భాషను ఆల్టెయిర్ కొరకు బిల్ గేట్స్, పాల్ ఆలెన్ అను యువకులు 1975లో సిద్ధపరచిరి. ఆల్టెయిర్ యంత్రము వారి వద్ద లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయములోని పెద్ద కంప్యూటరు ఆల్టెయిర్ వలె ప్రవర్తించునట్లు చేసి, దానిపై వారు తమ ప్రోగ్రామును పరీక్షించిరి. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ విధముగా పుట్టినది.

ఆ బేసిక్ పనిచేయుటకు 4 కిలోబైట్ల మెమరీ కావలసి వచ్చెను. యంత్రముతో వచ్చిన దానికి అది పదునారు రెట్లు. ప్రోగ్రాము కొరకు యంత్రమును పెంచుకొనవలసిన స్థితి ఆనాడే ఏర్పడినదని దీనివలన తెలియుచున్నది.

బేసిక్ నమోదైన కాగితపు టేపులకు నకళ్లు తీసి ఔత్సాహికులు ఒకరికొకరు పంచుకొనిరి. దీనిని ఆక్షేపించుచు గేట్స్ 1976 ఫిబ్రవరిలో ఒక బహిరంగ లేఖ ప్రకటించెను. ప్రోగ్రాము వ్రాసినవానికి ప్రతిఫలము రానిచో మంచి ప్రోగ్రాములు ఎవరు వ్రాయుదురని అతని ప్రశ్న. అదే కాలమున మరికొందరు టైనీ బేసిక్ అను చిన్న భాషను తయారు చేసి, దాని ఆదేశములను పత్రికలో అచ్చువేసి అందరికిని అందించిరి. టామ్ పిట్‌మన్ తన టైనీ బేసిక్‌ను 5 డాలర్లకే అమ్మెను. ధర చెల్లించి కొనుట, అందరును కలిసి వ్రాసికొని పంచుకొనుట అను రెండు మార్గములు అట్లు మొదటినుండియు ప్రక్కప్రక్కన నడచినవి.

ఆపరేటింగ్ సిస్టమ్

త్వరలో వేరువేరు కంపెనీలు వేరువేరు యంత్రములను తయారు చేసెను. ఒకదాని కొరకు వ్రాసిన ప్రోగ్రాము మరియొకదానిపై నడువదు. ఈ చిక్కును తొలగించినవారిలో ముఖ్యుడు గ్యారీ కిల్డాల్. కాలిఫోర్నియాలోని నౌకాదళ ఉన్నత విద్యాలయమున బోధకుడుగా నుండిన ఇతడు 1974లో సి.పి./ఎం. అను ఆపరేటింగ్ సిస్టమ్‌ను రచించెను. యంత్రమును నడిపించి, ఫైళ్లను భద్రపరచి, తక్కిన ప్రోగ్రాములకు ఆధారముగా నుండు మూల ప్రోగ్రామునకే ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు.

దీని ఉపయోగమును తపాలా ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. ఉత్తరము వ్రాయువాడు చిరునామా వ్రాసి పెట్టెలో వేయును. అది రైలులో పోవునో, బస్సులో పోవునో, సైకిలుపై పోవునో అతడు ఎరుగనక్కరలేదు. అట్లే ప్రోగ్రాము వ్రాయువాడు ‘ఈ ఫైలును భద్రపరచుము’ అని సి.పి./ఎం.ను అడిగిన చాలును. ఏ కంపెనీ డిస్కు, ఏ విధమైన తెర అను సంగతులన్నియు సి.పి./ఎం.లోని ఒక చిన్న భాగము చూచుకొనును. కొత్త యంత్రము వచ్చినపుడు ఆ చిన్న భాగమును మాత్రము మార్చి వ్రాసిన చాలును. కావుననే ఒకే ప్రోగ్రామును అనేక కంపెనీల యంత్రములపై నడుపుట సాధ్యమైనది. కొనువారి పట్టికలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మొదటి స్థానము లభించినది.

ప్రోగ్రాము కొరకు యంత్రము కొనుట

1978లో హార్వర్డ్ వాణిజ్య విద్యాలయమున డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి ఉండెను. తరగతిలో ఆచార్యుడు నల్లబల్లపై పెద్ద లెక్కల పట్టిక వేసెడివాడు. ఒక అంకె మారినచో దానిపై ఆధారపడిన అంకెలన్నియు చెరిపి మరల వ్రాయవలసి వచ్చెడిది. ఈ శ్రమను యంత్రమునకు అప్పగింపరాదా అని బ్రిక్లిన్ ఆలోచించి, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి విజికాల్క్ అను ప్రోగ్రామును తయారు చేసెను. అది 1979లో ఆపిల్ 2 కంప్యూటరు కొరకు విడుదలయ్యెను.

మార్కుల రిజిస్టరును ఉదాహరణగా తీసికొనుడు. నలువదిమంది విద్యార్థులు, ఆరు విషయములు అనగా 240 గళ్లు. ప్రతి విద్యార్థికి మొత్తము, సగటు. ప్రతి విషయమునకు తరగతి సగటు కావలెను. కాగితముపై ఒక్క విద్యార్థి గణితపు మార్కు 57 బదులు 75 అని పొరపాటున పడినచో, అతని మొత్తము, అతని సగటు, గణితములో తరగతి సగటు మూడును తప్పును. స్ప్రెడ్‌షీట్‌లో గడియందు అంకెకు బదులు సూత్రమును ఉంచవచ్చును. ‘ఈ ఆరు గళ్లను కూడుము’ అని ఒకసారి చెప్పినచో, ఏ గడి మారినను మొత్తము తనంతట తాను మారును. వర్తకులకు, గణకులకు ఇది ఎంతో నచ్చినది. విజికాల్క్ కొరకే ఆపిల్ కంప్యూటరును కొన్నవారు అనేకులు. యంత్రము కొని ప్రోగ్రామును వెదకుటకు బదులు, ప్రోగ్రామును చూచి యంత్రమును కొనుట అప్పటినుండి ఆరంభమైనది.

వ్రాతపనికి సంబంధించి ఇట్టి మార్పే జరిగినది. 1976లో మైకేల్ ష్రేయర్ ఎలక్ట్రిక్ పెన్సిల్ అను వర్డ్ ప్రాసెసర్‌ను తయారు చేసెను. 1978లో మైక్రోప్రో కంపెనీవారి వర్డ్‌స్టార్ వచ్చి ఎక్కువ ప్రసిద్ధి పొందినది. టైపు యంత్రముపై ఒక వాక్యము మధ్య చేర్చవలెనన్న పుట అంతయు మరల కొట్టవలెను. వర్డ్ ప్రాసెసర్‌లో ఆ పని రెప్పపాటులో జరుగును. సమాచారమును వరుసగా కూర్చి వెదకుటకు డీబేస్ 2 అను ప్రోగ్రాము వాడుకలోనికి వచ్చెను. దానిని వేన్ రాట్‌లిఫ్ మొదట ఫుట్‌బాల్ పందెముల లెక్కల కొరకు వ్రాసికొనెను. పేరులో 2 అని ఉన్నను డీబేస్ 1 అనునది ఎన్నడును అమ్మబడలేదు.

ఈ విధముగా 1980 నాటికి సొంత కంప్యూటరుకు కావలసిన ముఖ్య ప్రోగ్రాములు స్థిరపడినవి: ఆపరేటింగ్ సిస్టమ్, ఒక భాష, వ్రాతకు వర్డ్ ప్రాసెసర్, లెక్కకు స్ప్రెడ్‌షీట్, సమాచారమునకు డేటాబేస్.

కట్టగా అమ్మిన కాలము

ఈ పట్టికను గుర్తించి వ్యాపారమునకు మలచినవాడు ఆడమ్ ఆస్‌బోర్న్. ఇతని బాల్యము తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడచినది. ఇతడు 2003లో కొడైకెనాల్‌లో మరణించెను. 1981 ఏప్రిల్‌లో ఇతని కంపెనీ ఆస్‌బోర్న్ 1 అను కంప్యూటరును 1,795 డాలర్లకు విడుదల చేసెను. బరువు సుమారు 11 కిలోగ్రాములు, తెర వెడల్పు అరచేయంత. ఆకర్షణ అంతయు దానితో వచ్చిన ప్రోగ్రాములలో ఉండెను. సి.పి./ఎం., వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ అను స్ప్రెడ్‌షీట్, రెండు బేసిక్ భాషలు యంత్రముతోనే లభించెను. వానిని విడిగా కొన్నచో అయ్యెడు వ్యయము యంత్రము ధరకు దగ్గరగా ఉండెడిది. కొనువానికి ఎంపిక కష్టము తప్పినది. కాని ఆ కంపెనీ 1983లో దివాలా తీసెను.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. తన సొంత కంప్యూటరును ప్రకటించెను. దానికి కొనువాని ఇష్టమును బట్టి వేరువేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు లభించునట్లు ఏర్పాటు చేసిరి. మైక్రోసాఫ్ట్ అందించిన డాస్ ధర 40 డాలర్లు. కొంతకాలమునకు వచ్చిన సి.పి./ఎం.-86 ధర 240 డాలర్లు. ఆరు రెట్ల ఈ భేదము ఎంపికను చాలవరకు నిర్ణయించినది. డాస్ కొన్నవారు ఎక్కువైన కొలది డాస్‌పై నడుచు ప్రోగ్రాములు ఎక్కువైనవి. ప్రోగ్రాములు ఎక్కువైన కొలది డాస్ కొనువారు మరింత పెరిగిరి. ఊరిలో అందరును ఒకే సంతకు పోవుచున్నపుడు వర్తకులును ఆ సంతకే చేరుదురు కదా.

1983లో మిచ్ కేపర్ కంపెనీవారి లోటస్ 1-2-3 విడుదలయ్యెను. లెక్కల పట్టిక, రేఖాచిత్రములు, చిన్న సమాచార సంపుటి మూడును అందులో ఉండెను. విజికాల్క్ వెనుకబడినది. 1985లో విజికాల్క్ రచించిన కంపెనీని లోటస్ కొనివేసెను. తరువాతి దశకమున మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ ముందునకు రాగా లోటస్ కూడ వెనుకబడినది. 2013లో ఐ.బి.ఎం. లోటస్ 1-2-3 అమ్మకమును ఆపివేసెను.

ఈ కథలో గమనింపదగిన అంశమొకటి కలదు. 1980 నాటి అత్యవసరములైన ప్రోగ్రాములలో ఒక్కటియు నేడు సామాన్య వాడుకలో లేదు. ఆ పనులు మాత్రము అన్నియు ఉన్నవి. ఉత్తరము వ్రాయుట, లెక్క కట్టుట, పట్టిక కూర్చుట నేటికిని అవసరములే. పోయినవి ప్రోగ్రాముల పేర్లు. వానితోపాటు కష్టములో పడినవి ఆ ప్రోగ్రాములతో తయారైన ఫైళ్లు. వర్డ్‌స్టార్ తన సౌకర్యము కొరకు ప్రతి మాట చివరి అక్షరపు సంకేతములో ఒక చిన్న గుర్తు చేర్చెడిది. ఆ ఫైలును వేరొక సామాన్య ప్రోగ్రాములో తెరచినచో ప్రతి మాట చివరను వింత అక్షరములు కనబడెడివి. వ్రాసినవాడు బ్రతికియుండగనే అతని వ్రాత చదువరానిదగుట ఇట్లు సంభవించినది.

వైరస్, బ్రౌజరు

1986లో పట్టికలో మరియొక అంశము చేరవలసి వచ్చెను. పాకిస్తాన్‌లోని లాహోర్ నగరమున ఇద్దరు సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను ప్రోగ్రాము డిస్కునుండి డిస్కునకు తనంతట తాను వ్యాపించెను. ఐ.బి.ఎం. రకపు కంప్యూటర్లకు సోకిన మొదటి వైరస్‌గా దానిని పేర్కొందురు. ఫ్లాపీ డిస్కులు చేతులు మారుచున్న ఆ కాలమున వైరస్‌లు శీఘ్రముగా వ్యాపించెను. వానిని కనిపెట్టి తొలగించు ప్రోగ్రాములు తప్పనిసరి అయ్యెను. చాలకాలము వానిని వేరుగా కొనవలసియుండెను. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి అట్టి రక్షణ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చేరినది.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునుండి మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్ అను బ్రౌజర్లు వెలువడెను. మైక్రోసాఫ్ట్ తన బ్రౌజరును విండోస్‌తో చేర్చి ఇచ్చుట ప్రారంభించెను. కొత్త కంప్యూటరు కొన్నవానికి బ్రౌజరు ముందే సిద్ధముగా ఉన్నపుడు అతడు వేరొకదానిని వెదకునా? ఈ ప్రశ్నపై అమెరికా ప్రభుత్వము 1998లో మైక్రోసాఫ్ట్‌పై దావా వేసెను. ఐరోపాలో మరియొక పరిష్కారము అమలు చేసిరి. 2010 మార్చి నుండి విండోస్ వాడువారికి అనేక బ్రౌజర్ల పేర్లు గల ఒక పుట చూపి, ఇష్టమైనదానిని ఎన్నుకొనుమని అడుగు ఏర్పాటు జరిగినది. కొంతకాలము ఆ పుట సుమారు కోటి ఏబది లక్షలమందికి కనబడకపోగా, 2013లో ఐరోపా కమిషను ఆ కంపెనీకి 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా విధించెను. యంత్రముతో ముందే వచ్చిన ప్రోగ్రామును చాలమంది మార్చరు. కావుననే ఎంపిక ఎవరిచేతిలో ఉండవలెనను విషయము న్యాయస్థానములవరకు పోయినది.

ఉచితము, స్వేచ్ఛ

1976 నాటి రెండవ మార్గము అంతరింపలేదు. 1983 సెప్టెంబరులో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. ప్రోగ్రామును నడుపుటకు, దాని నిర్మాణమును చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు వాడువానికి హక్కు ఉండవలెనని ఆయన వాదము. ఇంగ్లీషులో ఉచితమునకును స్వేచ్ఛకును ఒకే మాట ఉండుటచే ఆయన ఉద్దేశమును వివరించుట కష్టమైనది. తెలుగులో ఆ చిక్కు లేదు. ధర లేనిది ఉచిత సాఫ్ట్‌వేరు. హక్కులు గలది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఉచితమైనదంతయు స్వేచ్ఛ గలది కాదు.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను మూలభాగమును వ్రాయగా, గ్నూ ప్రోగ్రాములతో కలిసి అది పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ అయినది. 2000లో సన్ కంపెనీ తన స్టార్ ఆఫీసు నిర్మాణమును బహిరంగపరచెను. దానినుండి ఓపెన్ ఆఫీసు, 2010లో దానినుండి లిబ్రే ఆఫీసు వెలువడినవి. 2004లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు మొదటి పూర్తి రూపము వచ్చినది. ప్యారిస్ సమీపమున ఒక ఇంజనీరింగ్ విద్యాలయపు విద్యార్థులు ప్రారంభించిన వి.ఎల్.సి. నేడు దాదాపు అన్ని రకముల చలనచిత్రములను చూపగలదు. కేరళలోని ప్రభుత్వ పాఠశాలలు లినక్స్‌ను పెద్ద ఎత్తున వినియోగించుచున్నవి. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థ లినక్స్‌కు తెలుగు రూపము కల్పించినది.

తెలుగు అక్షరముల సమస్య

మన దేశములో పాఠశాలలకు కంప్యూటరు విద్య నేర్పుటకు 1984లో క్లాస్ అను పథకము ఆరంభమైనది. బ్రిటన్‌లో రూపొందిన బి.బి.సి. మైక్రో యంత్రములను ఎంపిక చేసిన పాఠశాలలకు ఇచ్చిరి. వానిలో బేసిక్ భాష చిప్‌లోనే అమర్చబడియుండెను. దాని ఆదేశములన్నియు ఇంగ్లీషులోనివి. తెలుగు వ్రాయుటకు వేరు సాధనములు కావలసియుండెను.

కంప్యూటరు అక్షరమును అక్షరముగా ఎరుగదు. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను మాత్రమే ఎరుగును. తెలుగు అక్షరములకు ఏ సంఖ్యలు? కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆరంభమై, తరువాత సి-డాక్ సంస్థలో కొనసాగిన పరిశోధనల ఫలముగా జిస్ట్ అను పరికరము వచ్చెను. ఆ కార్డును కంప్యూటరులో అమర్చినచో భారతీయ లిపులను వ్రాయవచ్చును. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అను సంకేతక్రమమును ప్రకటించెను. అదే సంవత్సరము అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి సంపుటిలో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి.

అయినను సామాన్య కంప్యూటర్లు యూనికోడ్ తెలుగును చూపగలుగుటకు దశాబ్ది పట్టెను. విండోస్‌లో అట్టి సౌకర్యము 2001లో విడుదలైన ఎక్స్.పి.తో వచ్చినది. ఈ లోపల అచ్చుపనివారు వేరు ఉపాయము పన్నిరి. ఫాంటులో ఇంగ్లీషు అక్షరముల స్థానమున తెలుగు అక్షరముల ముక్కలు, తలకట్లు, గుడులు, ఒత్తులు ఉంచిరి. తెరపై తెలుగు కనబడును. లోపల నిలువయున్నవి ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలే. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క క్రమమును అనుసరించెను. ఆ ఫాంటు లేని యంత్రములో ఫైలును తెరచినచో పాఠమంతయు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా మారును. అట్టి ఫైలులో ఒక తెలుగు మాటను వెదకిన దొరకదు. మాటలను అకారాది క్రమములో అమర్చమన్న యంత్రమునకు సాధ్యము కాదు. పుస్తకములు, పాఠములు, పత్రికలు అనేకము ఈ విధముగా తయారైనవి. వానిని తిరిగి చదువదగినట్లు చేయుటకు మార్పు ప్రోగ్రాములు వ్రాయవలసి వచ్చినది. ఆ మార్పులో కొన్ని ఒత్తులు, గుణింతములు తప్పిపోవుటచే మరల చేతితో దిద్దవలసి వచ్చుచున్నది.

ఆనాడు ఆ ఫాంట్లను ఎన్నుకొన్నవారిది తెలివితక్కువ కాదు. వేరు మార్గము లేదు. కాని నేడు మార్గము కలదు. యూనికోడ్‌లో ‘అ’ సంఖ్య 0సి05, ‘క’ సంఖ్య 0సి15. ఏ కంపెనీ యంత్రమైనను, ఏ దేశములోనైనను ఆ సంఖ్యలు మారవు. ఫాంటు మార్చిన అక్షరము ఆకారము మారును గాని అక్షరము మారదు.

ఎంపికకు ఐదు ప్రశ్నలు

ఈ చరిత్రనుండి కొత్త కంప్యూటరు ముందు కూర్చున్న ఉపాధ్యాయునకు, విద్యార్థికి ఉపయోగపడు ప్రశ్నలు ఐదు లభించుచున్నవి.

మొదటిది: పని ఏమిటి? ప్రోగ్రాముల పేర్ల పట్టికకు ముందు పనుల పట్టిక వ్రాయవలెను. ప్రశ్నపత్రము, మార్కులు, పాఠమునకు చిత్రములు, ఇంటర్నెట్‌లో వెదకుట, తెలుగు వ్రాత: సామాన్యముగా ఇంతకు మించి ఉండవు. వీనికి ఒక ఆపరేటింగ్ సిస్టమ్, లిబ్రే ఆఫీసు వంటి ఒక సంపుటి, ఒక బ్రౌజరు, ఒక చలనచిత్ర ప్రదర్శిని, యూనికోడ్ తెలుగు మీటల అమరిక చాలును. తక్కినవి అవసరము కలిగినపుడు చేర్చుకొనవచ్చును.

రెండవది: పని బయటకు రాగలదా? ఆ ప్రోగ్రాము రేపు లేకపోయినను ఫైలు తెరచుటకు వీలుండవలెను. ఓపెన్ డాక్యుమెంట్ రూపము 2006లోను, పి.డి.ఎఫ్. 2008లోను అంతర్జాతీయ ప్రమాణములైనవి. అట్టి రూపములలో ఒక నకలు ఉంచుట మంచిది.

మూడవది: రక్షణ ఎంతకాలము? ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపములను తయారీదారులు కొంతకాలమే దిద్దుదురు. ఎక్స్.పి.కి ఆ సహాయము 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14న ముగిసినవి. పాత యంత్రము కొత్త విండోస్‌కు సరిపోనిచో తేలికైన లినక్స్ దానిపై నడువవచ్చును.

నాలుగవది: హక్కు ఏమిటి? ప్రోగ్రామును ఎన్ని యంత్రములపై వేయవచ్చును, విద్యార్థులకు నకలు ఇయ్యవచ్చునా అనునది అనుమతి పత్రమును బట్టి ఉండును. దొంగ నకలులో వైరస్ ఉండుట కూడ కలదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును మాత్రము తరగతిలో అందరికిని పంచవచ్చును.

ఐదవది: తెలుగు వ్రాయగలదా, వెదకగలదా, అచ్చువేయగలదా? తెరపై తెలుగు కనబడుట ఒక్కటియే చాలదని పైన తెలిసినది.

ఈ ఐదవ ప్రశ్నకు, రెండవ ప్రశ్నకు సమాధానమును తరగతిలోనే ఒక చిన్న ప్రయోగముతో తెలిసికొనవచ్చును. ఎంచుకొనదలచిన ప్రోగ్రాములో తెలుగున ఒక పుట వ్రాసి, ‘క్ష’, ‘జ్ఞ’, ‘స్త్ర’ వంటి సంయుక్తాక్షరములు గల మాటలు కొన్ని అందులో చేర్చవలెను. ఆ ఫైలును భద్రపరచి, వేరొక కంప్యూటరులో వేరొక ప్రోగ్రాముతో తెరువవలెను. అక్షరములన్నియు సరిగా ఉన్నవా అని చూచి, ఒక మాటను వెదకవలెను. తరువాత ఫాంటును మార్చి చూడవలెను. అంతయు చెక్కుచెదరక నిలిచినచో ఆ ప్రోగ్రామును నిశ్చింతగా ఎన్నుకొనవచ్చును. నిలువనిచో, దాని పేరు ఎంత ప్రసిద్ధమైనను, పది సంవత్సరముల పాఠములను దానికి అప్పగింపరాదు.